మందుకు ముందు లెక్క: తీపి మొక్కజొన్నలో కత్తెర పురుగు నివారణ

బస్సు నిలయముల ముంగిట, సంతలలో, పాఠశాలల వాకిళ్ళయొద్ద ఆవిరిపై ఉడికించిన తీపి మొక్కజొన్న గింజలను అమ్ముట నేడు సర్వసాధారణమైన దృశ్యము. పట్టణమునకు చేరువలో నీటి వసతి గల గ్రామములందు చిన్న రైతులు సైతము అరయెకరమో, యెకరమో ఈ పంట వేసి మూడు మాసములు తిరుగక మునుపే రొక్కము కండ్ల చూచుచున్నారు. కండెలు కోసిన తరువాత పచ్చిచొప్ప పశువులకు మేతయగుచున్నది. ఇట్టి లాభసాటి పంటకు గత కొన్ని సంవత్సరములుగా ఒక శత్రువు దాపురించినది. దానినే మన రైతులు కత్తెర పురుగు అనుచున్నారు.

ఈ పురుగును గూర్చి రైతుకు చెప్పవలసినది కొంత, పంచాయతీ సభ్యులకు చెప్పవలసినది కొంత కలదు. ఒక్క రైతు తన పొలములో ఎంత శ్రద్ధ వహించినను పొరుగు పొలము నిర్లక్ష్యమునకు గురియైనచో ఆ శ్రమ సగము వృథా కాగలదు. ఏలయన ఈ పురుగుయొక్క రెక్కలపురుగు గట్లను, సర్వే రాళ్ళను లెక్కచేయదు. అందువలన ఈ వ్యాసమును ముఖ్యముగా పంచాయతీ సభ్యులను ఉద్దేశించి వ్రాయుచున్నాము.

తీపి మొక్కజొన్నకు గల చిక్కు

ఎండుగింజల కొరకు పండించు మొక్కజొన్నకును, తీపి మొక్కజొన్నకును చీడపీడల విషయమున పెద్ద భేదము కలదు. ఎండుగింజ పంటలో కండె కొనను పురుగు కొంత కొరికినను మిగిలిన గింజ కాటాకు ఎక్కును. తీపి మొక్కజొన్న అట్లు కాదు. ఇది కండె లెక్కన అమ్ముడుపోవు సరకు. పొట్టు వలిచినప్పుడు ఒక పురుగో, దాని రెట్టయో కనబడినచో కొనువాడు ఆ కండెను ప్రక్కన పారవేయును.

రెండవ భేదము ఇంకను ముఖ్యమైనది. పీచు వెలువడిన తరువాత సుమారు 18 నుండి 22 దినములలో, గింజ పాలుపట్టిన స్థితిలో నుండగనే ఈ కండెలను కోయవలెను. ఆలస్యమైనచో తీపి తగ్గి గింజ పిండిగా మారును. కోసిన దినముననో మరునాడో ఆ గింజలను మన బిడ్డలు తిందురు. పచ్చిచొప్పను మన పశువులు తినును. కాబట్టి పీచు వచ్చిన పిదప విషపు మందులు చల్లుట రైతుకు తగని పని, తినువారికి కీడు.

అనగా పురుగు చేయు నష్టమును ఈ పంట సహింపజాలదు. చివరి దశలో మందును కూడ సహింపజాలదు. ఈ రెండింటి నడుమ మిగిలిన మార్గము ఒక్కటియే. పంట మొలకెత్తిన నాటినుండి కన్నువేసి యుంచి, పురుగును పసితనముననే అణచవలెను. మొక్కై వంగనిది మానై వంగదను సామెత ఈ పురుగు విషయమున అక్షరాల నిజము.

ఎక్కడిది ఈ పురుగు?

కత్తెర పురుగు మన దేశపు పురుగు కాదు. దీని పుట్టినిల్లు అమెరికా ఖండములలోని ఉష్ణప్రాంతములు. 2016వ సంవత్సరమున ఇది ఆఫ్రికా ఖండమున కనబడి, రెండు సంవత్సరములలో ఆ ఖండమును చాలవరకు ఆక్రమించినది. మన దేశమున మొదటిసారిగా 2018 మే నెలలో కర్ణాటక రాష్ట్రమందలి శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్న చేలలో దీనిని గుర్తించిరి. ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు రాష్ట్రములలో ప్రవేశించినది. మొక్కజొన్న దీనికి మిక్కిలి ప్రీతిపాత్రమైన ఆహారము. అది దొరకనప్పుడు జొన్న, చెరకు, రాగి మున్నగు పైరులపై బ్రతుకును. అందుచేత ఒక పంట కాలముతో ఇది ఊరు విడిచిపోవునని తలంపరాదు.

ఆనవాలు పట్టుట

రెక్కలపురుగు బూడిదరంగు కలిసిన గోధుమవన్నెతో నుండును. పగటివేళ దాగియుండి రాత్రివేళ సంచరించును. గాలి అనుకూలించినచో ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దూరము పోగల శక్తి దీనికి కలదు. ఆడపురుగు ఆకులపై గుంపులు గుంపులుగా గ్రుడ్లు పెట్టి, వానిని తన శరీరముపై నూగుతో కప్పును. ఒక్కొక్క గుంపులో నూరు మొదలు రెండువందల వరకు గ్రుడ్లుండును. ఒక ఆడపురుగు తన జీవితకాలమున వేయికి పైగా గ్రుడ్లు పెట్టగలదు.

రెండు మూడు దినములలో గ్రుడ్లు పగిలి చిన్నపురుగులు వెలువడును. ఇవి నూలుపోగు వంటి దారముపై వ్రేలాడుచు గాలివాటున చుట్టుప్రక్కల మొక్కలకు చేరును. తొలిదశలో ఆకుపై పచ్చదనమును మాత్రము గోకి తినును. అందుచేత ఆకుపై పలుచని కాగితపు పొరవలె తెల్లని మచ్చలు కనబడును. పురుగు పెరిగిన కొలది మొక్క నడిబొడ్డునగల ఆకుసుడిలోనికి దూరి లోపలనుండి కొరుకును. అప్పుడు ఆకులు విప్పారినకొలది చిరుగులు, వరుస రంధ్రములు కనబడును. సుడిలో రంపపుపొట్టు వంటి తడిరెట్ట కుప్పగా నుండును. ఇదియే దీని ముఖ్యమైన గుర్తు.

పురుగును చేతికి తీసుకొని చూచినచో రెండు ఆనవాళ్ళు స్పష్టముగా తెలియును. తలపై తలక్రిందులైన ఆంగ్ల వై అక్షరమువంటి తెల్లని గీత యుండును. తోకకు సమీపమున నాలుగు నల్లని చుక్కలు చదరముగా, నాలుగు మూలలందు ఉంచినట్లుండును. ఈ రెండును ఉన్నచో అది కత్తెర పురుగేయని నిశ్చయింపవచ్చును.

రెండు మూడు వారములు పెరిగిన పిదప పురుగు క్రిందికి దిగి నేలలో 2 నుండి 8 సెంటీమీటర్ల లోతున కోశస్థదశ గడుపును. వెచ్చని కాలమున గ్రుడ్డునుండి రెక్కలపురుగు వరకు సుమారు ఒక మాసము పట్టును. తీపి మొక్కజొన్న చేనిలో నుండు సుమారు 80 దినములలో రెండు తరములకు పైగా పెరుగుటకు దీనికి అవకాశము కలదన్నమాట.

ఇందు గమనింపదగిన విషయమొకటి యున్నది. పురుగు తన జీవితమున తిను ఆకులో అత్యధిక భాగమును చివరి రెండు దశలలోనే తినును. రైతుకు చేను చిందరవందరగా కనబడునప్పటికి పురుగు పెద్దదై, సుడిలో లోతుగా దిగి, తన రెట్టనే మూతగా చేసికొని యుండును. అప్పుడు చల్లిన మందు దానిని తాకదు. ఆకు తడియును, పురుగు మిగులును, డబ్బు పోవును. ఇల్లు అంటుకొన్న పిమ్మట బావి త్రవ్వుట యనునది ఇదియే.

కాపలా కాయుట

కాపలా రెండు విధములు. మొదటిది లింగాకర్షక బుట్టలు. ఇందలి ఎర ఆడపురుగు వాసనను పోలియుండును. ఆ వాసనకు మగ రెక్కలపురుగులు వచ్చి బుట్టలో చిక్కును. విత్తిన నాడే గాని, మొలక వచ్చిన వెంటనే గాని ఎకరమునకు 4 లేక 5 బుట్టలు అమర్చవలెను. పైరు పెరిగిన కొలది బుట్టను పైకి జరుపుచు, ఎరను దానిపై ముద్రించిన గడువునకు మార్చుచుండవలెను. బుట్టలో పురుగు పడినదని వెంటనే మందు చల్లనక్కరలేదు. దొంగ ఊరిలో అడుగిడెనని చాటెడి దండోరా వంటిదే ఈ బుట్ట. పురుగు పడనారంభించిన నాటినుండి చేనిలో దిగి వెదకవలెనని దాని భావము.

రెండవది మొక్కల లెక్క. దీనికి ఖర్చు లేదు. చదువుతో పనిలేదు. చేనిగట్టుననున్న నాలుగైదు వరుసలను విడిచి లోనికి పోవలెను. ఆంగ్ల డబ్ల్యు అక్షరపు వంకరలవలె నడచుచు అయిదు చోట్ల ఆగవలెను. ఆగినచోటనెల్ల వరుసగా 20 మొక్కలు పరీక్షింపవలెను. మొత్తము 100 మొక్కలగును. వానిలో లేత మచ్చలో, సుడిలో క్రొత్త రెట్టయో కనబడిన మొక్కలు ఎన్నియో అదియే నూటికి అంతని లెక్క. ఎండిపోయిన పాత గాటును లెక్కింపరాదు. పురుగు వెడలిపోయిన మొక్కకు మందుతో పనిలేదు గదా!

ఈ లెక్కను మొలక వచ్చిన నాటినుండి నెలదినముల వరకు మూడు నాలుగు దినములకొకసారి, ఆపైన వారమునకొకసారి చేయుట మంచిది. ఉదయము చల్లని వేళ పురుగు పైకి కనబడును గనుక ఆ సమయము అనుకూలము.

ఏ దశలో ఏమి చేయవలెను?

విత్తుటకు ముందు లోతుగా దుక్కి దున్నినచో నేలలోని కోశములు ఎండకు బయటపడి మాడిపోవును. కొంగలు, కాకులు ఏరుకొని తినును. కంది, పెసర వంటి పప్పుజాతి పంటలను అంతరపంటగా వేయుట, చేనిచుట్టు నేపియర్ గడ్డిని కావలి వరుసగా పెంచుట మేలు. మొలక వచ్చిన వెంటనే ఎకరమునకు 10 చొప్పున పక్షి స్థావరములు నాటినచో మొదటి నెలదినములు పక్షులే కూలిలేని కాపలాదారులగును.

మొలక దశనుండి మూడు వారముల వరకు నూటికి 5 మొక్కలు మించి దెబ్బతిననిచో మందు అక్కరలేదు. గ్రుడ్ల గుంపులున్న ఆకులను చేతితో గిల్లి నలిపివేయవలెను. పురుగు చేరిన సుడులలో తొమ్మిది పాళ్ళు ఇసుక, ఒక పాలు సున్నము కలిపి చిటికెడు చొప్పున వేసినచో మేలు కలుగును. లెక్క 5 దాటినచో 1500 పి.పి.యం. వేపమందును లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున కలిపి సుడి తడియునట్లు చల్లవలెను. వేపమందు గ్రుడ్లకు, పసిపురుగులకే గాని పెద్దపురుగులకు చాలదు. కాలము దాటిన వేపమందు కూడ వృథా.

మూడు వారములు దాటి సుడి బలముగానున్న దశలో నూటికి 10 మొక్కలు మించినప్పుడే రసాయనపు మందును ఆలోచింపవలెను. ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతము పొడిని లీటరు నీటికి 0.4 గ్రాములు, లేక క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతము ద్రావణమును 0.4 మిల్లీలీటర్లు, లేక స్పైనటోరం 11.7 శాతము ద్రావణమును 0.5 మిల్లీలీటర్లు చొప్పున వాడవచ్చును. వీనిలో ఏదో ఒకటి చాలును. రెండు మూడు కలిపి చల్లుట వలన అదనపు బలము రాదు, అదనపు ఖర్చు వచ్చును. రెండవసారి చల్లవలసినచో మందు మార్చవలెను. ఒకే మందును పదేపదే వాడినచో పురుగు దానికి అలవాటుపడును. సాయంకాలము, గొట్టపు మూతి క్రిందికి వంచి, సుడిలో పడునట్లు చల్లవలెను. డబ్బాపై వ్రాసియున్న కోతకు ముందటి గడువును తప్పక పాటింపవలెను.

పూత, పీచు వచ్చిన పిదప తీపి మొక్కజొన్నపై రసాయనములు వలదు. పెద్దపురుగులను చేతితో ఏరి చంపుటయే ఆ దశలో తగిన మార్గము. మొదటి నెలదినములు సరిగా కాపలా కాచినచో ఈ ఏరుడు పని స్వల్పమే యగును.

ఒక ఉదాహరణ చూడుడు. ఇరుగు పొరుగున ఇద్దరు రైతులు ఒకే వారమున విత్తినారనుకొనుడు. పదునైదవ దినమున లెక్కచూడగా మొదటివాని చేనిలో 100కి 3, రెండవవాని చేనిలో 100కి 8 మొక్కలు దెబ్బతిన్నవి. మొదటివాడు గ్రుడ్లు ఏరించి ఊరకుండవచ్చును. రెండవవాడు ఆ సాయంకాలమే వేపమందు చల్లవలెను. లెక్క చూడనిచో ఇద్దరును భయపడి ఘాటైన మందు చల్లుట గాని, ఇద్దరును ఊరకుండుట గాని జరుగును. మొదటి సందర్భమున ఒకనికి వృథా ఖర్చు, రెండవ సందర్భమున ఇద్దరికిని నష్టము. రెండవవాని చేనిలో పెరిగిన పురుగు మాసము తిరుగులోపల మొదటివాని చేనికి వచ్చును గదా!

లేతవయసున ఆకులు చిరిగి చూచుటకు భయంకరముగా నున్నను, నడిమొవ్వు బ్రతికియున్నచో మొక్కజొన్న తిరిగి కోలుకొనగలదు. కాబట్టి కంటి భయమును గాక చేతి లెక్కను నమ్మవలెను.

మన పక్షమున పోరాడు పురుగులు

చేనిలోని ప్రతి పురుగును శత్రువు కాదు. అక్షింతల పురుగులు, సాలెపురుగులు గ్రుడ్లను, పసిపురుగులను తినును. ట్రైకోగ్రామా, టెలినోమస్ అను సూక్ష్మమైన కందిరీగలు కత్తెర పురుగు గ్రుడ్లలో తమ గ్రుడ్లు పెట్టి వానిని నాశనము చేయును. వీనిని ప్రయోగశాలలలో పెంచి కార్డులపై అంటించి సరఫరా చేయుచున్నారు. ఎకరమునకు 50,000 చొప్పున వారమునకొకసారి వదలవలెనని శాస్త్రజ్ఞుల సలహా. ఈ కార్డులు చేతికందిన వెంటనే చేనిలో కట్టవలెను. కట్టిన దినములలో రసాయనములు చల్లినచో శత్రువుకంటె మిత్రుడే ముందుగా చచ్చును. వానకాలమున కొన్ని పురుగులు ఆకును కరచి గట్టిపడి, తెల్లని లేక పచ్చని బూజు కప్పి చచ్చియుండుట చూతుము. అది పురుగునకు తగిలిన శిలీంధ్రపు తెగులు. అట్టి పురుగులను తీసివేయక ఉంచినచో ఆ తెగులు ఇతర పురుగులకు వ్యాపించును.

ఇతర పురుగులు

కాండము తొలుచు పురుగు లేత మొక్కను ఆశించినచో నడిమొవ్వు ఎండి, లాగినంతనే ఊడివచ్చును. ఆకుపై అడ్డముగా ఒకే వరుసలో గుండుసూది రంధ్రములు దీని గుర్తు. ఇట్టి మొక్కలను పెరికి నాశనము చేయవలెను. రబీలో గులాబిరంగు పురుగు కూడ ఇట్లే కాండమును తొలుచును. శనగపచ్చ పురుగు పీచునుండి దిగి కండె కొనను తినును. పీచు వచ్చినది మొదలు దానిపై గ్రుడ్లను, చిన్నపురుగులను వెదకి ఏరవలెను. పేనుబంక అధికముగా కనబడినచో మొదట అక్షింతల పురుగులున్నవేమో చూడవలెను. ఉన్నచో అవియే దానిని అదుపుచేయును.

పంచాయతీ చేయదగిన పనులు

1992లో చేయబడిన 73వ రాజ్యాంగ సవరణముచే ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 విషయములు కలవు. వానిలో మొట్టమొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ. కావున పురుగుపై కాపలా పంచాయతీకి సంబంధము లేని పని యని అనుకొనరాదు.

మొదటిది విత్తుబడి. ఇందొక చిక్కు లేకపోలేదు. బజారున ప్రతివారము కండెలుండవలెనని తీపి మొక్కజొన్న రైతులు పది పదునైదు దినముల తేడాతో విడతలుగా విత్తుట కలదు. వ్యాపారమున కిది అనుకూలమే. కాని పురుగునకు ఊరిలో ఎల్లప్పుడు లేతమొక్క దొరకును. విడతలు మానుడని చెప్పుట సులభము. బజారుపై బ్రతుకు రైతు అది వినడు. కనుక రైతులను పిలిచి మాటలాడి, ఒక దరిలోని చేలన్నియు ఒకే వారమున విత్తునట్లును, ముదురు పంట ప్రక్కనే లేత పంట వేయకుండునట్లును ఒడంబడిక చేయించుట ఉభయతారకము. విడత మారినప్పుడు దరి మారవలెను.

రెండవది లెక్కల పలక. పంచాయతీ కార్యాలయపు గోడపై ఒక నల్లబల్ల నుంచి తేది, దరిపేరు, బుట్టలో పడిన పురుగులు, నూటికి దెబ్బతిన్న మొక్కలు అను నాలుగు గడులు గీయించవలెను. ఒక్కొక్క దరికి చురుకైన యువరైతులను గాని, మహిళాసంఘ సభ్యురాండ్రను గాని ఇద్దరిని నియమించి వారమునకు రెండుసార్లు వ్రాయింపవలెను. ఏ దరిలో లెక్క పెరుగుచున్నదో ఊరివారందరు చూచెదరు. ప్రచారపు ఉద్యోగములోనున్న మాకు ఈ విషయమున ఒక అనుభవము కలదు. ఒక సంవత్సరము మేము ముద్రించిన కరపత్రములు గ్రామము చేరునప్పటికి పైరు నిలువెత్తు పెరిగిపోయినది. అందలి మాటలన్నియు సత్యములే. కాని ఆ ఊరి రైతుకు అవి ఉపయోగపడలేదు. పై ఊరినుండి వచ్చు కాగితముకంటె ఊరిలోని పలక ముందుగా మాటలాడును.

మూడవది ఉమ్మడి కొనుగోలు. బుట్టలు, ఎరలు, కందిరీగల కార్డులు కావలసిన నాడు అంగడిలో దొరకవు. విత్తుటకు ముందే ఊరి అవసరమును లెక్కకట్టి, గ్రామ వ్యవసాయ సహాయకుని ద్వారానో, సమీప కృషి విజ్ఞాన కేంద్రము ద్వారానో తెప్పించుకొనవలెను.

నాలుగవది మందుల విషయమున జాగ్రత్త. రైతు కొన్న ప్రతి మందునకు బిల్లు పుచ్చుకొనునట్లు చెప్పవలెను. డబ్బాపైనుండు త్రికోణపు రంగులలో ఎరుపు మిక్కిలి విషపూరితమనియు, తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ అనియు తెలియజెప్పవలెను. మందు చల్లు కూలీలు చేతులకు, ముక్కునకు, నోటికి కప్పు లేకుండ చేనిలో దిగరాదు. గాలికి ఎదురుగా చల్లరాదు. తల తిరుగుట, వాంతి, చూపు మసకబారుట కలిగినచో తక్షణమే డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చవలెను. డబ్బాను చూచినచో వైద్యునికి చికిత్స సులభమగును. ఖాళీ డబ్బాలను చెరువులో పారవేయుట, నూతులయొద్ద పంపులు కడుగుట పంచాయతీ ఖండితముగా నిషేధింపవలసిన పనులు.

అయిదవది కోత తరువాతి పని. కండెలు కోసిన చేనిని అట్లే వదలివేయరాదు. చొప్పను వెంటనే మేతకు కోసి, మోళ్ళను దున్నివేయవలెను. వదలివేసిన చేను వచ్చు పంటకు పురుగుల నారుమడి వంటిది.

ఈ అయిదు పనులలో ఏ ఒక్కటియు పెద్ద నిధులతో కూడినది కాదు. కావలసినది ఒక బల్ల, కొంత సుద్ద, వారమునకు రెండు ఉదయములు, దరిలోని రైతుల నడుమ ఒక మాట. పురుగు సముద్రములు దాటి వచ్చినది. దానిని దేశమునుండి పూర్తిగా వెడలగొట్టగలమని చెప్పజాలము. కాని మన ఊరి పంటను, దానిని తిను పిల్లల ఆరోగ్యమును కాపాడుకొనగలము. విత్తుబడికి ముందు జరుగు గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు తెచ్చి, దరికిద్దరు చొప్పున కాపలాదారులను ఎన్నుకొనుడు. మొదటి మొలక కనబడిన నాటికి మీ పంచాయతీ గోడపై మొదటి లెక్క వ్రాయబడియుండుగాక.